నాలుగో ఆజ్ఞ మావయ్యది కాదట

మా మావయ్యకు యాభై ఆరేళ్ళు. గడిచిన ముప్పై ఏళ్ళలో ఆయన ఒక్క రోజు కూడా పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊరికే కూర్చోలేదు. ఈ మాట చెబితే జనం ఆయన్ను మెచ్చుకుంటారు. నేను మెచ్చుకోవడానికి రాయడం లేదు. ఒళ్ళు మండి రాస్తున్నాను.

సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆయన పరుపుల ఫ్యాక్టరీలో అంచులు కుట్టే మెషీను దగ్గర ఉంటాడు. పరుపును బల్ల మీద చుట్టూ తిప్పుతూ, మూలల్లో ముడత పడకుండా పట్టీ వేసి కుట్టాలి. మెషీను తన దారిన తాను నడుస్తుంది, పరుపును మాత్రం మనిషే తిప్పాలి. పెద్ద పరుపయితే మనిషంత బరువు. ఊళ్ళో వాళ్ళందరూ పడుకోవడానికి ఈయన రోజంతా నిలబడతాడు. ఈ జోకు వేసిన మొదటివాణ్ణి నేను కాదు. ఫ్యాక్టరీ మరుగుదొడ్డి గోడ మీద ఎవరో ఎప్పుడో రాసిపెట్టారు.

ఆదివారం చర్చి. పొద్దున ఆరింటికి గంట కొట్టేది ఆయనే, అందుకే అక్కడ ఆయన అందరికీ గంటన్న. కుర్చీలు వేయాలి, మైకు పెట్టాలి. ప్రభు బల్ల ఉన్న వారమైతే ద్రాక్షరసం పంచే నూట ఇరవై బుల్లి గ్లాసులు కడిగి తుడిచి పళ్ళేల్లో సర్దాలి. అందరూ వెళ్ళాక కుర్చీలు మడిచి గోడకు ఆనించాలి. సాయంత్రం ఆరాధన ఉంటుంది కాబట్టి మళ్ళీ వేయాలి. సాయంత్రం ఎలాగూ వేయాల్సిన కుర్చీలు పొద్దున ఎందుకు మడవాలని నేనొకసారి అడిగాను. ఊడవడానికట. ఊడ్చేది కూడా ఆయనే.

మిగిలింది శనివారం. అది యూదులది.

మా ఇంటి నుంచి నలభై నిమిషాలు నడిస్తే వాళ్ళ సమాజమందిరం వస్తుంది. శుక్రవారం పొద్దు గుంకిన దగ్గర్నుంచి శనివారం చుక్కలు పొడిచేదాకా వాళ్ళకు విశ్రాంతి దినం. ఆ వేళలో నిప్పు వెలిగించకూడదు, ఆర్పకూడదు. స్విచ్చు కూడా వాళ్ళకు ఆ కిందికే వస్తుంది. ఇంకొకరిని పిలిచి స్విచ్చు వెయ్యమని చెప్పడమూ కుదరదు. కానీ అడగకుండా, తనంతట తాను ఎవరైనా వేస్తే సరిపెట్టుకుంటారు. నాకు అర్థమైనంత వరకు సంగతి ఇది. ఆ ఎవరైనా అనే మనిషి ముప్పై ఏళ్ళుగా మా మావయ్య.

ఇదెలా మొదలైందో ఆయన నాకు వందసార్లు చెప్పాడు. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు. ఓ శుక్రవారం చీకటి పడే వేళ ఫ్యాక్టరీ నుంచి వస్తుంటే, ఆ మందిరం గేటు దగ్గర కళ్ళద్దాల కొట్టాయన నిలబడి ఉన్నాడు. ఆయనకిప్పుడు ఎనభై రెండు. ఇంట్లో మేమంతా పెద్దాయన అంటాం.

"లోపల ఫ్యూజు పోయింది" అన్నాడట పెద్దాయన, ఆకాశంలోకి చూస్తూ.

"అయ్యో" అనేసి మావయ్య నాలుగడుగులు ముందుకేశాడు.

"లోపల పిల్లలున్నారు. భయపడుతున్నారు."

మావయ్య ఆగాడు. "మెకానిక్‌ని పిలవకపోయారా?"

"పిలవలేను."

"పోనీ నన్ను చూడమంటారా?"

"చూడమని నేననలేను."

"వద్దా అయితే?"

"వద్దని ఎవరన్నారు?"

మనిషికి కాస్త తిక్క ఉందనుకున్నాడు మావయ్య. అయినా లోపలికి వెళ్ళి ఫ్యూజు వైరు మార్చాడు. లైట్లు వెలగగానే పిల్లలు చప్పట్లు కొట్టారట. ఆ చప్పట్లకు పడిపోయాడు ఈయన. మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. ఆ మరుసటి వారమూ వెళ్ళాడు. అలా అలవాటయింది.

ఇప్పుడు ఆయన ఆ విద్యలో ఎంత ఆరితేరాడంటే, ఎవరైనా మెడ తుడుచుకుంటే ఫ్యాను తిరుగుతుంది. "ఈ పుస్తకంలో అక్షరాలు అరిగిపోయాయి" అంటే పై లైటు వెలుగుతుంది. ఇంట్లోనూ అదే గోల. అత్తయ్య వంటింట్లో తనలో తాను "ఉప్పు అయిపోవచ్చింది" అనుకుంటే, ఈయన అప్పటికే చెప్పులు వేసుకుని మెట్ల మీద ఉంటాడు. "ఊరికే అన్నానండీ బాబూ, మీతో మాట్లాడాలన్నా భయమేస్తోంది" అంటుంది ఆవిడ.

ఆయనకు అదంతా సేవ. చిన్నప్పుడు తండ్రి పోతే చర్చి వాళ్ళే అన్నం పెట్టారు, బైబిలు ముందేసుకుని అక్షరాలు నేర్పారు. ఏడో తరగతితో బడి ఆగిపోయినా బైబిల్లో ఏ మాట ఏ పేజీలో ఏ పక్కనుందో చెప్పేస్తాడు. శనివారాలు మందిరంలో వెనకవరసలో కూర్చుని, వాళ్ళు ధర్మశాస్త్రపు చుట్ట విప్పి చదువుతుంటే ఒక్క ముక్క అర్థం కాకపోయినా వింటాడు. "మన పాత నిబంధనేరా, అసలు భాషలో" అని మురిసిపోయేవాడు నా దగ్గర. ఓసారి ఆ మాట పెద్దాయనతోనే అన్నాడట. "పాతదేంటి అబ్బాయ్? మాకున్నది అదొక్కటే. మీరు కొత్తది కొనుక్కున్నారని మాది పాతదైపోతుందా?" అని నవ్వాడట ఆయన.

ఇలా నడుస్తుండగా, మొన్న ఒక బుధవారం మావయ్య మెషీను దగ్గర పడిపోయాడు. పడటం కూడా బల్ల మీదున్న పరుపు మీదే పడ్డాడు. చుట్టుపక్కల వాళ్ళు, హమ్మయ్య, ఇన్నాళ్ళకు ఈయన కునుకు తీస్తున్నాడు, లేపకండి అనుకున్నారు. పది నిమిషాలు ఎవరూ కదిలించలేదు. స్పాంజి కోసే విభాగంలో ఒకాయన ఉన్నాడు, మావయ్య స్నేహితుడు, అందరూ ఆయన్నే స్పాంజి అంటారు. ఆయన వచ్చి పెదాలు నల్లబడ్డాయని చూశాడు కాబట్టి సరిపోయింది.

డాక్టరమ్మ మొహమాటం లేని మనిషి. గుండె బలహీనంగా ఉందంది, మందులు రాసింది, తర్వాత పెన్ను మూసి అడిగింది.

"వారంలో ఏ రోజు సెలవు మీకు?"

మావయ్య ఆలోచించాడు. "ఆదివారం మధ్యాహ్నం కొంచెం ఖాళీ ఉంటుందమ్మా" అన్నాడు.

"ఎంతసేపు?"

"కుర్చీలు మడిచాక, మళ్ళీ వేసేలోపు."

ఆవిడ నా వైపు చూసింది, నేనేదో ఆ కుర్చీలు కనిపెట్టినట్టు. "వినండి. వారానికి ఒక రోజు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మంచం దిగకూడదు. ఇంకోసారి ఇలా పడిపోతే లేస్తారని నేను చెప్పలేను."

ఒక్క రోజు. ఆవిడ అడిగింది అంతే. దానికోసం మేం పడ్డ తిప్పలు రాస్తే మీరు నవ్వుతారు.

ఆ సాయంత్రం ఇంట్లో కూర్చున్నాం, అత్తయ్య, నేను, మావయ్య. ఫ్యాక్టరీ మానడానికి లేదు. ఇక మిగిలింది శనివారమో ఆదివారమో. నాకు కోపం వచ్చి ఆయన బైబిలే తీశాను. కాలేజీ మధ్యలో వదిలేసి ఆయన ఫ్యాక్టరీలోనే ప్యాకింగుకు చేరినవాణ్ణే కానీ చదవడం మర్చిపోలేదుగా. పది ఆజ్ఞల్లో నాలుగోది. అది రెండుచోట్ల ఉంది. మొదటిచోట, దేవుడు ఆరు రోజుల్లో లోకాన్ని చేసి ఏడో రోజు విశ్రమించాడు కాబట్టి నువ్వూ విశ్రమించు అని ఉంది. రెండోచోట కారణం వేరు. నువ్వు ఒకప్పుడు బానిసవి, ఆ సంగతి మర్చిపోకు, నీలాగే నీ పనివాణ్ణి కూడా ఆ రోజు ఊరుకోనివ్వు అని.

"చూడు మావయ్యా, ఇందులో అందరూ ఉన్నారు. కొడుకు, కూతురు, పనివాడు, పనిమనిషి, ఎద్దు, గాడిద, ఇంటి గుమ్మంలో ఉన్న పరదేశి. గాడిదక్కూడా సెలవుంది. నీకు లేదు."

అత్తయ్య చేతిలో గరిటెతో గుమ్మంలోకి వచ్చింది. "ఏదీ, మళ్ళీ చదువు."

చదివాను.

"పెళ్ళాం ఏదీ?"

వెతికాను. లేదు.

"అదీ సంగతి" అంది. "గాడిద పడుకుంటే దానికి గడ్డి ఎవరు వేస్తారనుకున్నారు? సరే, నా సంగతి తర్వాత. ముందు ఈయన్ని పడుకోబెట్టు."

మావయ్య మాత్రం నా వేలు పెట్టిన చోటే చూస్తున్నాడు. "ఇది నాకు కూడా వర్తిస్తుందంటావా?" అన్నాడు మెల్లిగా. ఆయన బైబిలు మొత్తం ఎన్నిసార్లు చదివాడో లెక్కలేదు. ప్రతి ఆదివారం ఆ పది ఆజ్ఞలు జనంతో కలిసి పైకి చదువుతాడు. ఒక్కసారి కూడా అది తనతో చెబుతున్న మాట అనుకోలేదు. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

"అయ్యగారిని అడుగుదాం" అన్నాడు.

"అడగడమెందుకు? రాసుంది కదా."

"అడగాలిరా."

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారి దగ్గరకు వెళ్ళాం. ఆయన మంచివాడే, ఆ మాట ముందే ఒప్పుకుంటాను. మావయ్య పడిపోయాడని విని ఆసుపత్రికి వచ్చి ప్రార్థన చేసి వెళ్ళాడు. మావయ్య కుర్చీలు మడుస్తూనే మాట్లాడాడు, ఊరికే నిలబడి మాట్లాడితే అమర్యాద అని ఆయన ఉద్దేశం.

"అయ్యగారూ, నాలుగో ఆజ్ఞ గురించి..."

"చెప్పు గంటన్నా."

"అది నేను పాటించాలా?"

పాస్టరు గారి మొహం వెలిగిపోయింది. ఆయనకు ఇలాంటి ప్రశ్నలంటే ప్రాణం. ప్రభువు వారంలో మొదటి రోజున లేచాడు కాబట్టి మనకు ఆదివారం వచ్చిందన్నాడు. పాత విశ్రాంతి దినం రాబోయేదానికి నీడ లాంటిదన్నాడు, అసలు విశ్రాంతి ప్రభువులోనే ఉందన్నాడు. "మనం ధర్మశాస్త్రం కింద లేం గంటన్నా. కృప కింద ఉన్నాం."

"కృప కింద పడుకోవచ్చా అండీ?" అన్నాను నేను.

ఆయన నవ్వి నా భుజం తట్టాడు. "బాబూ, సేవ చేసేవాడికి సేవలోనే విశ్రాంతి ఉంటుంది."

"మీరు సోమవారం ఫోను ఎత్తరు కదండీ."

మావయ్య చేతిలో కుర్చీ ఠపీమని మూసుకుంది. పాస్టరు గారు ఒక్క క్షణం నన్ను చూసి, "అది వేరే" అన్నాడు. ఏం వేరో చెప్పలేదు.

"పోనీ కొన్నాళ్ళు గంట నేను కొడతాను" అన్నాను.

"ఆరింటికా? నువ్వా?"

అక్కడున్న నలుగురూ నవ్వారు. మావయ్య కూడా నవ్వాడు. వాళ్ళు నవ్వడంలో అన్యాయమేమీ లేదు. "ప్రార్థన చేద్దాం గంటన్నా, దేవుడు బలం ఇస్తాడు" అని పాస్టరు గారు కళ్ళు మూసుకున్నాడు. ఆయన కళ్ళు తెరిచేసరికి మావయ్య ఇంకో వరస కుర్చీలకు వెళ్ళిపోయాడు.

ఇక మిగిలింది శనివారం వాళ్ళు. ఆ రోజు వాళ్ళతో పని సంగతులు మాట్లాడకూడదు కాబట్టి శుక్రవారం మధ్యాహ్నం ఫ్యాక్టరీ నుంచి గంట ముందు బయటపడి వెళ్ళాం. హాల్లో పెద్దాయన, మందిరం బోధకుడు ఇద్దరూ ఉన్నారు. బోధకుడు కుర్రాడు, నాకంటే పదేళ్ళు పెద్ద ఉంటాడేమో. పొద్దు గుంకేలోపు చేయాల్సిన పనులు చాలా ఉన్నాయని మాటిమాటికీ గోడ గడియారం చూస్తున్నాడు.

మావయ్య నీళ్ళు నములుతుంటే నేనే చెప్పేశాను. పడిపోయిన సంగతి, డాక్టరమ్మ మాట, నాలుగో ఆజ్ఞ, ఎద్దు, గాడిద, పరదేశి.

పరదేశి అన్నానో లేదో బోధకుడు గడియారం సంగతి మర్చిపోయాడు. "అక్కడ పరదేశి అంటే మాతో కలిసి ఉంటూ మా ధర్మం ఒప్పుకున్నవాడని పెద్దలు చెప్పారు. ఈయన అలా కాదు కదా."

"ఎందుక్కాదు?" అన్నాడు పెద్దాయన. "ఇదే మాట వచ్చే ఇంకోచోట వేరే అర్థం చెప్పినవాళ్ళూ ఉన్నారు. ఈ గుమ్మంలో ముప్పై ఏళ్ళుగా ఉన్నవాడు పరదేశి కాకపోతే ఇంకెవడు?"

"సాయంత్రానికి తన ఇంటికి వెళ్ళిపోతాడు. గుమ్మం లోపల ఉన్నట్టు ఎలా అవుతుంది?"

"నువ్వూ వెళ్ళిపోతావు. నువ్వు ఎవరివి మరి?"

బోధకుడు అలమారలోంచి ఒక లావుపాటి పుస్తకం తీశాడు. పెద్దాయన ఇంకొకటి తీయించాడు. ఇద్దరూ బల్ల మీద వాలిపోయి, ఒకరి మాట ఒకరు కోసుకుంటూ, ఒకరి పేజీ మీద ఒకరు వేలు పెడుతూ ముప్పావుగంట వాదించుకున్నారు. మావయ్య గోడ పక్కన నిలబడి ఇటొకసారి అటొకసారి చూస్తున్నాడు. కూర్చోమని ఎవరికీ తోచలేదు. ఆయన మొహం చూస్తే నాకు ఏడుపొచ్చినంత పనయింది. సంతోషపడుతున్నాడు మనిషి. తన గురించి ఇద్దరు చదువుకున్నవాళ్ళు అంతసేపు మాట్లాడటం ఆయన జన్మలో చూడలేదు.

"ఇంతకీ ఏం తేలింది?" అన్నాను.

బోధకుడు కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఈయన మాత్రం నిజాయితీగానే మాట్లాడాడు. "విశ్రాంతి దినం దేవుడికీ మాకూ మధ్య గుర్తు. అది మాకిచ్చిన ఆజ్ఞ, మీకిచ్చింది కాదు. బయటివాళ్ళు దాన్ని మాలాగే పూర్తిగా పాటించకూడదని కూడా మా పెద్దలు రాశారు. చులకన చేసి అనడం లేదు, దయచేసి అలా అనుకోకండి."

"అంత చిక్కేం లేదులే" అన్నాడు పెద్దాయన. "పడుకునే ముందు ఒక లైటు వేసి పడుకో అబ్బాయ్. పూర్తిగా పాటించినట్టు కాదు, గొడవ వదిలిపోతుంది." తర్వాత నవ్వడం ఆపి మావయ్య మొహంలోకి చూశాడు. "నీ బదులు ఎవరినైనా చూపించి నువ్వు ఇంట్లో ఉండు. ఆ పుస్తకాల సంగతి మేం చూసుకుంటాం."

అదీ ఈ మొత్తం వ్యవహారంలో నేను విన్న మొదటి పనికొచ్చే మాట. నేను ఎగిరి గంతేయబోయాను. మావయ్య మాత్రం దారంతా తలొంచుకుని నడిచాడు.

"ఇంకేంటి మావయ్యా? పని అయిపోయిందిగా."

"అది నాది కాదన్నారురా. ఇద్దరూ అదే మాటన్నారు. అయ్యగారేమో మనకది దాటిపోయిందన్నారు. వీళ్ళేమో అసలు మీకు రాలేదన్నారు."

"ఎవరిదైతే ఏంటి? గుండె నీదా కాదా?"

"నాకు చెప్పనిదాన్ని నేనెలా చేస్తానురా?"

"డాక్టరమ్మ చెప్పింది కదా!"

"ఆవిడ దేవుడి పుస్తకంలోంచి చెప్పలేదుగా."

నడిరోడ్డు మీద అరిచాను నేను. ఏం అరిచానో ఇక్కడ రాయను. నోట్లో నాలుక లేని మనిషితో పోట్లాడితే ఉన్న కోపమంతా మనకే మిగులుతుంది.

స్పాంజి ఒప్పుకున్నాడు. శనివారం ఆయనకు వేరే పనేం లేదు. ఆ తర్వాతి వారమంతా భోజనాల వేళ మావయ్య ఆయనకు పాఠం చెప్పాడు. కాగితం మీద స్విచ్చుల బోర్డు గీశాడు. పై వరసలో ఎడమ నుంచి మూడోది హాలు లైట్లు, నాలుగోది ఫ్యాన్లు, కింద ఎర్రది నీళ్ళు వేడిచేసేది. గేటు తాళం ఎలా తిప్పాలో, ఏ తలుపు కిర్రుమంటుందో, ఏ ముసలావిడకు మెట్ల దగ్గర చెయ్యి అందించాలో అన్నీ చెప్పాడు. "వాళ్ళు చెప్పింది చెయ్యి, అంతే" అన్నాడు చివర్లో.

నేనక్కడే ఉన్నాను. నాక్కూడా తట్టలేదు. వాళ్ళు చెప్పరన్న సంగతి మావయ్య మర్చిపోయాడు. ముప్పై ఏళ్ళుగా ఆ మాటలు విని విని, "ఇవాళ మబ్బుగా ఉంది" అన్నది ఆయన చెవికి "లైటు వెయ్యి" అన్నట్టే వినిపిస్తోంది. వాళ్ళు తనకు వారం వారం చెబుతూనే ఉన్నారని ఆయన నమ్మకం.

శనివారం వచ్చింది. పొద్దున ఏడింటికే మెలకువ వచ్చి కూర్చున్న మావయ్యను అత్తయ్య, నేను బలవంతంగా మళ్ళీ పడుకోబెట్టాం. తొమ్మిదికి ఒకసారి లేచాడు, కాళ్ళు తిమ్మిరెక్కాయన్నాడు. పదికి ఒకసారి లేచాడు, కిటికీ తలుపు కొట్టుకుంటోందన్నాడు. కొట్టుకోవడం లేదు. పదిన్నరకు ఎట్టకేలకు కన్నంటుకుంది. అత్తయ్య వంటింట్లో గిన్నె శబ్దం కూడా రాకుండా తిరుగుతోంది.

పదకొండున్నరకు తలుపు మీద ఎవరో చేత్తో కొట్టారు. బెల్లు ఉండగా తలుపు కొట్టేదెవరని విసుక్కుంటూ తీశాను. పెద్దాయన. నలభై నిమిషాల దారి ఎండలో నడిచి, లిఫ్టు ఉన్నా ఎక్కకుండా మూడంతస్తులు మెట్లెక్కి వచ్చాడు. చెంపల మీద చెమట కారుతోంది. ఆ రోజు ఏ వస్తువూ మోయకూడదని వాళ్ళు జేబురుమాలు కూడా బయటికి తీసుకెళ్ళరు. అత్తయ్య పరుగున తువ్వాలు తెచ్చింది, నీళ్ళిచ్చింది, కుర్చీ వేసింది.

ఊపిరి కుదురుకున్నాక ఆయన కిటికీలోంచి బయటకు చూస్తూ అన్నాడు, "మీ స్నేహితుడు చాలా మంచివాడు."

"స్పాంజి గారా? ఏమైంది తాతగారూ?"

"ఏం కాలేదు. హాలు చీకటిగా ఉందని నేనన్నాను. అవునండీ, మబ్బు పట్టిందన్నాడు. గాలి ఆడటం లేదని బోధకుడన్నాడు. సాయంత్రం చల్లబడుతుంది లెండని ధైర్యం చెప్పాడు. కళ్ళు కనబడటం లేదని ముగ్గురం కలిసి అన్నాం. ఈ వయసులో అంతేనండీ, మా అమ్మకూ అలాగే ఉండేదన్నాడు. ఇప్పుడు వెనకవరసలో కూర్చుని చాలా భక్తిగా వింటున్నాడు."

నాకు నవ్వు, కోపం ఒకేసారి తన్నుకొచ్చాయి. కోపమే ముందు బయటపడింది. "అందుకని మా మావయ్యను లేపడానికొచ్చారా? ఒక్క రోజు తాతగారూ. ముప్పై ఏళ్ళలో ఒక్క రోజు!"

"లేపమని నేననలేదు."

"మీరేదీ అనరు కదా!"

అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. పెద్దాయన గ్లాసులో మిగిలిన నీళ్ళు చూశాడు. నేను ఫోను తీసి, ఆయన ఎదురుగానే స్పాంజికి చేశాను. మూడుసార్లు మోగాక గుసగుసగా ఎత్తాడు. "బాబాయ్, లేచి పై వరసలో మూడోది, నాలుగోది వెయ్యి. ఎవర్నీ అడక్కు. ఇకనుంచి వాళ్ళు వాతావరణం గురించి ఏమన్నా సరే, ఏదో ఒక స్విచ్చు వెయ్యి." అంతసేపూ పెద్దాయన గోడ మీది క్యాలెండరును శ్రద్ధగా చదివాడు.

అయిపోయింది, గండం గడిచిందనుకున్నాను. వెనక్కి తిరిగేసరికి మావయ్య గది గుమ్మంలో ఉన్నాడు. చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నాడు.

"వాడికి ఎర్ర స్విచ్చు సంగతి సరిగ్గా తెలీదు" అన్నాడు. "అది ఎక్కువసేపు ఉంచితే నీళ్ళు పొంగుతాయి. నేనొకసారి చూసొచ్చేస్తాను. అరగంటలో వచ్చేస్తా."

"మీరు కదిలితే నా మీద ఒట్టే" అంది అత్తయ్య.

"మావయ్యా, చెప్పేశాను నేను. లైట్లు వెలిగాయి. వెళ్ళి పడుకో."

"పెద్దయ్యగారు ఇంతదూరం నడిచొచ్చారురా. ఆయన్ను ఒక్కర్నే పంపిస్తామా?" అని గుమ్మం పక్కనున్న చెప్పుల కోసం వంగాడు. వంగినవాడు తలుపు చట్రం పట్టుకుని ఆగిపోయాడు. ఒక్క నిమిషం లేవలేదు. లేచినప్పుడు మొహం పాలిపోయి ఉంది, అయినా చెప్పులు చేతిలోనే ఉన్నాయి. డాక్టరు చెబితే వినలేదు, పెళ్ళాం ఒట్టు పెడితే వినలేదు, నేను అరిస్తే ఎప్పుడూ వినలేదు. ఆయనకు అడ్డంగా నిలబడి తోసెయ్యాలా అని నిజంగానే ఆలోచించాను.

పెద్దాయన కుర్చీలోంచి లేచాడు. అప్పటిదాకా కిటికీతోనూ క్యాలెండరుతోనూ మాట్లాడుతున్న మనిషి, మావయ్యకు ఎదురుగా వచ్చి కళ్ళలోకి చూశాడు.

"పడుకో" అన్నాడు.

మావయ్యకు అర్థం కాలేదు. ఆ మాటలో ఇంకేదో పని దాగి ఉందేమోనని వెతుక్కుంటున్నట్టు చుట్టూ చూశాడు.

"ఏమీ లేదు" అన్నాడు పెద్దాయన. "నేను చెబుతున్నాను. ఆ చెప్పులు అక్కడ పెట్టు. చొక్కా విప్పు. లోపలికెళ్ళి పడుకో. చుక్కలు పొడిచేదాకా లేవకు. ఇది నీకే చెబుతున్నాను, ఇంకెవరికీ కాదు."

"అది నాకిచ్చింది కాదని బోధకుడు గారు..."

"బోధకుడికి ముప్పై రెండేళ్ళు. వాడితో నేను సోమవారం మాట్లాడతాను. నువ్వు పడుకో."

మావయ్య చెప్పులు కింద పెట్టాడు. డాక్టరమ్మ, అత్తయ్య, నేను రెండు వారాలుగా మొత్తుకున్న మాటే అది, అక్షరం తేడా లేదు. ఆయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, లోపలికి వెళ్ళి, మంచం మీద వెల్లకిలా పడుకుని చేతులు రెండూ పక్కలకు చాపాడు. అప్పజెప్పిన పని చేస్తున్నవాడి మొహం. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి.

పెద్దాయన్ను దింపడానికి మెట్ల చివరిదాకా వెళ్ళాను. ఆయన ఒక్కో మెట్టు మీద ఆగుతూ దిగి, రోడ్డు మీదికెళ్ళాక నీడ ఉన్న పక్కకు మళ్ళి నడిచాడు.

సాయంత్రం దాకా కుర్చీ గది గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చున్నాను. మావయ్య ఒకసారి గంటన్నర నిద్రపోయాడు. నాలుగింటికి పాస్టరు గారి ఫోను వచ్చింది, రేపు కుర్చీలు ఎక్కువ కావాలట. అత్తయ్య ఎత్తి, ఆయన పడుకున్నారండీ అని పెట్టేసింది. మావయ్య ఆ మాట విన్నాడు. లేవలేదు. కాలి బొటనవేలు మాత్రం దుప్పటి కింద ఆడుతూనే ఉంది.

కిటికీలో వెలుగు తగ్గుతుండగా పిలిచాడు.

"ఒరేయ్ అల్లుడూ."

"ఏంటి?"

"వచ్చే శనివారం కూడా ఆయనొచ్చి చెబుతారంటావా?"

ఎనభై రెండేళ్ళ మనిషి. రాను నలభై నిమిషాలు, పోను నలభై నిమిషాలు, మూడంతస్తులు. నేను దుప్పటి సరిచేశాను.